ఆల్ఫ్రిస్టన్ ఓడలో ఆడవాళ్ళ గది

కెజియా టప్పెన్ గొర్రెల కాపరి కూతురు. మా న్యూహేవెన్ రేవుకు ఎనిమిది మైళ్ళు లోపలికి, సుద్దకొండల మీద పుట్టి పెరిగింది. రూబెన్‌ను కట్టుకుని మా వీధికి వచ్చేదాకా ఆమె సముద్రాన్ని దగ్గరగా చూడలేదు. వచ్చాక కూడా దాని వైపు వీపు తిప్పుకునే నడిచేది. అలాంటి మనిషి పదిహేనేళ్ళు ఓడ అడుగున బతికింది. అందులో నా పాపం కూడా ఉంది కాబట్టి ఈ సంగతి చెప్పాల్సినవాణ్ణి నేనే.

నా పేరు ఆమస్ బోనిఫేస్. రైల్వే కంపెనీవారి ఆల్ఫ్రిస్టన్ ఓడలో భోజనశాల చూసేవాణ్ణి. ఆ ఓడను క్లైడ్ నది ఒడ్డున కట్టి, 1878 వేసవిలో మాకు తెచ్చారు. లండన్ రైలు దిగినవాళ్ళను పొద్దున ఎక్కించుకుని సాయంత్రంలోగా ఫ్రాన్సులోని దియెప్ రేవులో దించడం, మర్నాడు అక్కడి మనుషులతో పాటు వెన్న, గుడ్లు, పళ్ళబుట్టలు వేసుకుని రావడం దాని పని. పోయేటప్పుడు అప్పుడప్పుడు గుర్రాలు కూడా ఉండేవి. కొత్తలో దాని ఇత్తడి తళతళలు చూడటానికి ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చింది. రూబెన్ టప్పెన్, నేను ఒకే రోజు అందులో చేరాం. వాడు డెక్కు మీద, నేను గిన్నెల దగ్గర.

1881 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, సగం దారిలో గాలి తిరగబడింది. అలలు ముందు డెక్కును కడిగేస్తున్నాయి. ముందుకు ఎవరూ పోకూడదని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. అయితే అక్కడ ఎవరో పెద్దమనిషివి రెండు గుర్రాలు, చెక్క పెట్టెల్లో ఉన్నాయి. ఒక పెట్టెకు కట్టిన తాడు సడలి, అది ఊగడం మొదలుపెట్టింది. నా వంటగది తలుపు ముందే మేటు క్రాడక్ నిలబడి ఉన్నాడు. ఓడలో కెప్టెన్ తర్వాత అతనిదే మాట.

"టప్పెన్! పోయి ఆ తాడు బిగించి రా."

"కెప్టెన్‌గారు వద్దన్నారు కదయ్యా."

"నేను చెప్తున్నా. పో."

రూబెన్ నా వైపు చూసి నవ్వాడు. "ఆ గుర్రాలకున్న విలువ మనకుంటే, మనకీ పెట్టెలు చేయించేవాళ్ళురా ఆమస్," అన్నాడు. అని పోయాడు. పెట్టె దగ్గరికి చేరాడు, తాడు కూడా పట్టుకున్నాడు. తర్వాతి అల వెనక్కి తగ్గేసరికి పెట్టె ఉంది, గుర్రం ఉంది, వాడు లేడు.

రెండు రోజుల తర్వాత గట్టు మీది ఆఫీసులో విచారణ జరిగింది. ఓడ పుస్తకంలో అప్పటికే రాసేశారు, రూబెన్ టప్పెన్ ఆజ్ఞ లేకుండా ముందుకు పోయాడని. నన్ను లోపలికి పిలిచేముందు నడవలో క్రాడక్ ఎదురొచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బోనిఫేస్, నీ పెళ్ళానికి నెలలు నిండాయటగా?"

"అవునయ్యా."

"మరి జాగ్రత్త. ఇలాంటప్పుడు మగాడికి పనుండాలి."

అంతే అన్నాడు. లోపల పెద్దలు ఏమైనా విన్నావా అని అడిగారు. గిన్నెల చప్పుడులో ఏమీ వినపడలేదని చెప్పాను. బయటికి వచ్చేసరికి కెజియా గోడవార బల్ల మీద కూర్చుని ఉంది, నాలుగేళ్ళ లావీనియాను ఒళ్ళో పెట్టుకుని. "ఏమన్నారు ఆమస్?" అంది. నేను టోపీ నలుపుతూ నిలబడ్డాను.

ఆజ్ఞ లేకుండా పోయి చచ్చినవాడి భార్యకు కంపెనీ సహాయ నిధి వర్తించదు. పైగా వాళ్ళుంటున్న ఇల్లు కంపెనీది, పనిచేసే మనిషి లేని ఇంటిని ఖాళీ చేయాలి. మంచాన పడ్డ అత్తగారు, చిన్నపిల్ల. ఏం చేయాలో తోచక ఆమె సూపరింటెండెంటు దగ్గరికి పోతే ఆయన తీరిగ్గా చెప్పాడు. ఆల్ఫ్రిస్టన్‌లో ఆడవాళ్ళ గది చూసే మనిషి మానేసింది, ఆ పని చేస్తే ఇల్లు ఉంచుకోవచ్చు అని. మొగుణ్ణి మింగిన ఓడలోనే. "ఇది కంపెనీ దయ అనుకోమ్మా," అన్నాడట.

ఏప్రిల్‌లో ఆమె నల్ల గౌను, తెల్ల ఏప్రన్‌తో గట్టు నుంచి ఓడకు వేసిన పలక ఎక్కడం నేను చూశాను. ఎక్కి, ఎటూ చూడకుండా మెట్లు దిగి కిందికి పోయింది.

ఆడవాళ్ళ గది ఓడకు వెనక కొసన, నీటి మట్టానికి దిగువన ఉండేది. దాని కిందే ఓడను నెట్టే మర తిరుగుతుంది కాబట్టి నేల ఎప్పుడూ వణుకుతూ ఉండేది. కిటికీలు లేవు. పైకప్పులో పాలరంగు గాజు వేసిన వెలుతురు తలుపు ఒక్కటి, అది కూడా అలలకు భయపడి మూసే ఉంచేవారు. గోడల పొడవునా ఎర్ర మఖ్మల్ పడకలు, ఒక్కో పడక పక్కన తెల్ల పింగాణీ గిన్నె. వెనిగరు, అత్తరు, వాంతి, ఈ మూడూ కలిసిన వాసన ఎంత తోమినా పోయేది కాదు.

మొదటి ఏడాది ఆమె కడుపు ఒక్క ప్రయాణంలోనూ నిలవలేదు. ఎవరో దొరసాని తల పట్టుకుని గిన్నె అందించేది, తెర వెనక్కి పోయి తను కక్కుకునేది, మూతి తుడుచుకుని మళ్ళీ నవ్వుతూ వచ్చేది. నేను టీ పట్టుకెళ్తే మెట్ల మీదే అందుకునేది.

"పైకి వచ్చి కాస్త గాలి పీల్చుకో కెజియా," అనేవాణ్ణి.

"పైన ఏముంది ఆమస్? అదేగా."

జనం మాత్రం ఆమెను ఇష్టపడ్డారు. అదే ఆమె కొంప ముంచింది. ఎంత గాలివానైనా, "ఇంకా ఎంతసేపమ్మా?" అని ఏడ్చే వాళ్ళకు "ఇంకో పావుగంట తల్లీ," అని చెప్పేది. అయిదు గంటల ప్రయాణంలో అలాంటి పావుగంటలు ఇరవై గడిచేవి. అయినా ఆ గొంతులో ఏముందో, వాళ్ళు నమ్మేవాళ్ళు. ఓడలో అందరికీ ఆమె టప్పెనమ్మ అయిపోయింది. పారిస్ పోయే దర్జీ ఆడవాళ్ళు టప్పెనమ్మ ఉన్న రోజేదో కనుక్కుని మరీ టిక్కెట్టు తీసుకునేవాళ్ళు.

రేవు స్టేషన్లో ఆడవాళ్ళ విశ్రాంతి గది ఉంది. అక్కడ ఒక మనిషి కావలసి వచ్చినప్పుడల్లా ఆమె అర్జీ పెట్టింది. మొదటిసారి ఇంకా కొత్తదానివన్నారు. రెండోసారి, "నీలా రోగుల్ని చూసేవాళ్ళు దొరకరు టప్పెన్, నిన్ను గట్టు మీద పెడితే కంపెనీకి నష్టం," అన్నారు. మూడోసారి అర్జీ విప్పకుండానే వెనక్కి వచ్చింది.

ఆ రోజు వంటగది గుమ్మం దగ్గర నిలబడి నవ్వింది. "చేతకానిదాన్ని అయ్యుంటే ఎప్పుడో దింపేసేవాళ్ళు ఆమస్. రేపటి నుంచి ఒక దొరసాని నెత్తిన గిన్నె బోర్లిస్తాను, చూడు."

"బోర్లించు. నేను సాక్ష్యం చెప్తాలే," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నవ్వుతూనే ఉంది. నేను ఉల్లిపాయలు కోయడానికి తిరిగిపోయాను.

అలా ఏళ్ళు గడిచాయి. అత్తగారు పోయింది. లావీనియా స్కూలు అయి, కుట్టుపనికి కుదిరింది. నా కొడుకు కూడా పెద్దవాడై రైలు పనిలో చేరాడు. ఇక నన్ను బెదిరించడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. అయినా చెప్పలేదు. అబద్ధం మొదటి రోజు భయంతో చెప్తాం, తర్వాత సిగ్గుతో మోస్తాం. రోజూ ఆమెకు టీ కాచి ఇచ్చేవాణ్ణి, చక్కెర కొంచెం ఎక్కువ వేసి. అదే నా ప్రాయశ్చిత్తం అనుకున్నాను. ఈలోగా క్రాడక్ మా ఓడకు కెప్టెన్ అయ్యాడు.

1896 జూన్‌లో, దియెప్ నుంచి తిరిగి వస్తుండగా పట్టపగలే పొగమంచు కమ్మింది. ముక్కు ముందు వేలు కనపడదు. కూత వేస్తూ పోతున్నాం. ఉన్నట్టుండి బొగ్గు మోసే తెరచాప ఓడ ఒకటి పక్కనుంచి వచ్చి మా వెనక భాగాన్ని గుద్దింది. నా అలమరలో ఒక్క పళ్ళెం మిగల్లేదు. పైన గోల, పరుగులు. పడవలు దించండి, అందరూ ముందుకు రండి అని క్రాడక్ అరుస్తున్నాడు. నేను వెనక్కి పరుగెత్తాను.

ఆడవాళ్ళ గది తలుపు చట్రం వంకరపోయి బిగుసుకుంది. తన్నినా కదల్లేదు. లోపలి నుంచి ఏడుపులు, వాటి మధ్య ఆమె గొంతు. "అరవకండి తల్లీ, అరిస్తే తలుపు రాదు. చెప్పులు విప్పండి, లంగాలు పైకి దోపుకోండి." మాటల కింద నీళ్ళ చప్పుడు వినపడుతోంది.

బొగ్గు కొట్టే గొడ్డలి తెచ్చి, డెక్కు మీద బోర్లా పడుకుని, వెలుతురు తలుపు గాజు పగలగొట్టాను. కింద తొమ్మిది మంది ఆడవాళ్ళు మొహాలు పైకెత్తి ఉన్నారు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. కెజియా పై పడక మీద ఒక్కొక్కరినే నిలబెట్టి నడుము పట్టి పైకి ఎత్తింది, నేను చంకల కింద చేతులు వేసి లాగాను. ఆఖరున లావుపాటి ఆవిడ ఒకామె నడుము దగ్గర ఇరుక్కుపోయి, "నన్ను వదిలేయండి, నేను చచ్చిపోతాను," అంది.

"చద్దువుగాని, ముందు ఊపిరి వదులు తల్లీ," అంది కెజియా కింద నుంచి నెడుతూ. "ఆ, ఇంకొంచెం. నిన్న దియెప్‌లో ఆ రెండో కేకు తినకుండా ఉండాల్సింది."

ఆమె కూడా బయటికి వచ్చింది. ఇక కెజియా ఒక్కతే మిగిలింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. పడక ఎక్కి, చెయ్యి ఎత్తబోతూ నన్ను చూసి నవ్వింది.

"అందరూ ముందుకు రావాలని కదా కెప్టెన్ హుకుం? చూసుకో ఆమస్, రేపు పుస్తకంలో నువ్వూ ఆజ్ఞ లేకుండా పోయావని రాస్తారు."

పదిహేనేళ్ళు దాచినది ఆ మాటతో బయటికి వచ్చేసింది.

"రూబెన్ ఆజ్ఞ లేకుండా పోలేదు కెజియా. క్రాడక్ పొమ్మన్నాడు. కెప్టెన్ వద్దన్నారని వాడు చెప్పినా పొమ్మన్నాడు. నేను విన్నాను."

ఆమె ఎత్తిన చెయ్యి దించేసింది.

"ఎప్పుడు విన్నావు?"

"అప్పుడే. తలుపు దగ్గరే ఉన్నాను. చెయ్యి ఇవ్వు, నీళ్ళు వస్తున్నాయి."

"ఆఫీసులో అడిగినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు. కెజియా, నీకు దణ్ణం పెడతాను, చెయ్యి ఇవ్వు!"

ఆమె కదల్లేదు. ఆ గదిని చుట్టూ చూసింది. తేలుతున్న దిండ్లు, గిన్నెలు, ఎర్ర మఖ్మల్. అవన్నీ మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నేను లోపలికి దూకబోయాను. అప్పుడు చెయ్యి పైకి చాపింది. నేను లాగాను. పైకి వచ్చాక నా చెయ్యి విదిలించుకుంది.

ఓడ మునగలేదు. నడుమ ఉన్న ఇనుప గోడ నీళ్ళను ఆపింది. టగ్గు వచ్చి మమ్మల్ని రేవుకు లాక్కొచ్చింది.

మర్నాడు పొద్దున మా తలుపు తట్టింది. నల్ల టోపీ పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని ఉంది. నా భార్య లోపలికి రమ్మంటే రాలేదు.

"బోనిఫేస్ గారూ, కోటు వేసుకోండి. మీరు నాతో ఆఫీసుకు రావాలి."

ఆ 'గారూ', ఆ 'మీరూ' నాకు చెంపదెబ్బల్లా తగిలాయి. బతికినన్నాళ్ళూ మళ్ళీ నన్ను ఆమస్ అనలేదు.

సూపరింటెండెంటు అప్పటికి కొత్తాయన, స్ట్రిక్‌లండ్. మంచి మనిషే. నేను నిలబడి మొత్తం చెప్పాను, క్రాడక్ అన్న మాటలు, నా భుజం మీద వేసిన చెయ్యి, నా అబద్ధం. ఆయన పెన్ను కింద పెట్టి కెజియా వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళ తర్వాత ఎందుకమ్మా?" అన్నాడు.

"ఇన్నేళ్ళూ నాకు తెలియదయ్యా. నిన్న తెలిసింది, ఇవాళ వచ్చాను."

"ఏం కావాలి నీకు?"

"ఆ పుస్తకంలో రాత కొట్టేయాలి. ఆజ్ఞ మీద పోయాడని రాయాలి."

"మూసేసిన విచారణ అది. ఆనాటి కెప్టెన్ చనిపోయాడు. ఇప్పుడు రాత మారిస్తే కంపెనీయే తప్పు ఒప్పుకున్నట్టు. నా వల్ల కాదు." ఆయన కిటికీ వైపు చూశాడు. "ఒకటి చేయగలను. స్టేషన్లో విశ్రాంతి గది మనిషి సెప్టెంబరు చివర, మైకేల్మస్ పండక్కి పని మానేస్తోంది. ఆ పని నీకు ఇప్పిస్తాను. ఇల్లు కూడా నీకే. కానీ ఈ మాట ఇక్కడితో ఆగాలి."

మూడుసార్లు అర్జీ పెట్టి దొరకని పని అది. కెజియా తొడుగు వేళ్ళు ఒక్కొక్కటే సర్దుకుంటోంది. నాకు ఆ గది కూడా గాలి లేని గదిలాగే అనిపించింది. తీసుకుంటే మొగుణ్ణి అమ్ముకున్నట్టు, కాదంటే మళ్ళీ ఆ మెట్లు దిగాలి.

"విశ్రాంతి గదికి కిటికీలెన్ని?" అంది.

"రెండనుకుంటాను. ఎందుకు?"

"సరేనయ్యా. నా నోట్లోంచి ఒక్క మాట బయటికి రాదు."

బయటికి వచ్చాక, "అలా ఒప్పుకున్నావేం కెజియా?" అన్నాను ఉండబట్టలేక.

"మీరు పదిహేనేళ్ళు నోరు మూసుకున్నారు. నేను పది నిమిషాలు మూసుకుంటే తప్పా?" అని వెళ్ళిపోయింది.

ఆగస్టులో కంపెనీ ఆమెను గట్టు మీద నిలబెట్టి, తొమ్మిది మందిని కాపాడినందుకు అందరి ముందూ ఒక గోడ గడియారం ఇచ్చింది. పత్రికలో కూడా రాశారు. సెప్టెంబరు చివర ఆమె ఓడ దిగింది. దిగేటప్పుడు వెనక్కి చూడలేదు. వంటగది గుమ్మంలో నేనున్నానని తెలిసి కూడా చూడలేదు.

విశ్రాంతి గదిలో చేరిన నెలకు, కొండ మీది చర్చి ఆవరణలో ఒక రాయి వెలిసింది. రూబెన్ శవం దొరకలేదు కాబట్టి వాడికి అంతవరకూ గుర్తే లేదు. సుద్దకొండల మీద ఉండే ఆమె అన్న గొర్రెల బండిలో రాయి తెచ్చాడు. పక్కనున్న లూయిస్ పట్నం నుంచి వచ్చిన మనిషి అక్షరాలు చెక్కాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరంతా చుట్టూ మూగి చదివింది.

'రూబెన్ టప్పెన్. ఆల్ఫ్రిస్టన్ ఓడ నావికుడు. వద్దన్న చోటికి, పొమ్మన్న ఆజ్ఞ మీద పోయి, 1881 ఫిబ్రవరి 9న సముద్రంలో కలిశాడు.'

ఎవరు పొమ్మన్నారో రాయలేదు. రాయక్కర్లేదు కూడా. క్రాడక్ చర్చి మెట్ల మీదే ఉన్నాడు. జనం తలలు ఒక్కొక్కటే అతని వైపు తిరిగాయి. అతను భార్య చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. చలికాలం రాకముందే రేవులో టగ్గు నడిపే పని అడిగి తీసుకున్నాడు.

సోమవారం స్ట్రిక్‌లండ్ విశ్రాంతి గదికి వచ్చాడు. ఆడవాళ్ళ గది కాబట్టి గుమ్మంలోనే ఆగాడు. నేను దుప్పట్ల మూట దించడానికి వచ్చి పక్కనే ఉన్నాను.

"మాట ఇచ్చావు టప్పెన్."

"నోరు విప్పలేదయ్యా. రాయి మాట్లాడితే నేనేం చేయను?"

"కంపెనీ నిన్ను తీసేయగలదు, తెలుసా?"

"తెలుసయ్యా. గడియారం కూడా తిరిగి ఇచ్చేయమంటారా?"

ఆయన మొహం ఎర్రబడింది. కోపమేమో అనుకున్నాను, కానీ మీసం కింద నవ్వు ఆపుకుంటున్నాడు. పత్రికలో పేరు పడి మూడు నెలలు కాలేదు, ఆమెను తీసేస్తే లండన్‌లో ఎవరికి ఏం చెప్పుకోవాలి? టోపీ సవరించుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరూ ఆ రాయి జోలికి రాలేదు. ఓడ పుస్తకంలో రాత మాత్రం అలాగే ఉంది.

నేను ఆల్ఫ్రిస్టన్‌లోనే ఉండిపోయాను. నిజం చెప్పినందుకు నన్ను తీసేయలేదు, పైకి రానివ్వనూ లేదు. 1899లో కొత్త ఓడలు వచ్చాక దాన్ని సరుకులకు మార్చారు. ఆడవాళ్ళ గదిలో మఖ్మల్ చింపేసి వెన్న పీపాలు పేర్చారు. నేను పదిహేను మంది నావికులకు ఉడకబెట్టిన గొడ్డుమాంసం, బంగాళాదుంపలు వండుతూ ఆ వణికే నేల మీదే ముసలివాణ్ణయ్యాను. రేవుకు వచ్చినప్పుడల్లా విశ్రాంతి గది ముందు నుంచి నడిచేవాణ్ణి. ఆమె రెండు కిటికీలూ చలికాలంలో కూడా తెరిచి ఉంచేది. ప్రయాణికులు చలి అని గొణిగితే శాలువలు ఇచ్చేది గాని కిటికీ వేసేది కాదు.

"శుభోదయం, బోనిఫేస్ గారూ."

"శుభోదయం, మిసెస్ టప్పెన్."

ఏడాదికి వంద సార్లు. అంతకు మించి ఒక్క మాట లేదు. నేను ఆశించనూ లేదు.

నిరుడు ఓడను హాలండులో ముక్కలు చేయడానికి అమ్మేశారు. నన్ను కూడా ఇంటికి పంపేశారు. ఈ మార్చిలో కెజియాకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, వారం తిరక్కుండానే పోయింది. పోయిన మర్నాడు లావీనియా మా ఇంటికి వచ్చింది. ఇప్పుడామె సిగ్నల్ మనిషి భార్య, ఇద్దరు పిల్లల తల్లి.

"అమ్మ తన శవపెట్టె ఎవరెవరు మొయ్యాలో కాగితం మీద రాసి పెట్టింది," అంది లావీనియా. "ఆరో పేరు మీది."

"ఏమన్నా చెప్పిందా అమ్మా?"

"ఏం చెప్పలేదు. పేరు రాసింది, అంతే. వస్తారా?"

వెళ్ళాను. చర్చి దారి నిటారుగా ఉంటుంది, ఆ రోజు గాలి కూడా ఎదురు కొట్టింది. సగం దారిలో నేను తడబడటం చూసి కెజియా అల్లుడు, "బాబాయ్, ఇటివ్వండి, నేను పడతాను," అన్నాడు. ఇవ్వలేదు. పైదాకా మోశాను.